హువానా రాణి పిచ్చితో ఎవరికి అవసరం పడింది?

మెక్సికో నగరంలో స్పెయిన్ టంకశాల 1536లో వెండి నాణేలు వేయడం మొదలుపెట్టింది. వాటి మీద లాటిన్‌లో రెండు పేర్లుంటాయి: చార్లెస్, హువానా. స్పెయిన్‌కీ, ఇండీస్‌కీ వీళ్లు రాజులని ఆ అక్షరాలకు అర్థం. (ఇండీస్ అంటే మన దేశం కాదు. కొలంబస్ పొరపాటు వల్ల ఆ పేరు మోసిన అమెరికా.) చార్లెస్ అప్పటికి యూరప్‌లో చాలా భాగాన్ని ఏలుతున్న చక్రవర్తి. హువానా ఆయన తల్లి.

ఆ నాణేలు సంతల్లో చేతులు మారుతున్న రోజుల్లో ఆ తల్లి కాస్టీల్ రాజ్యంలోని తోర్దెసియాస్ అనే ఊళ్లో ఉంది. 1494లో స్పెయిన్, పోర్చుగల్ కూర్చుని ప్రపంచాన్ని చెరిసగం పంచుకున్నది ఆ ఊళ్లోనే. అక్కడి రాజభవనంలో కావలివాళ్లు ఒప్పుకోనిదే ఆమె బయటికి అడుగు పెట్టలేదు. అప్పటికే 27 ఏళ్లయింది అలా ఉండబట్టి. ఇంకో 19 ఏళ్లు ఉండి, అక్కడే కన్నుమూసింది.

స్పెయిన్‌లో ఆమెను 'హువానా లా లోకా' అంటారు, అంటే పిచ్చి హువానా. అందరికీ తెలిసిన కథ ఇది: అందగాడైన మొగుడి మీద పిచ్చి ప్రేమ, వాడి తిరుగుళ్ల మీద పిచ్చి అసూయ, వాడు పోయాక శవపేటిక వెంటేసుకుని చలిలో ఊరూరా తిరగడం. సినిమాకి సరిపోయే సరుకే. అయితే ఇందులో ఒక ముడి ఉంది. నిజంగా పిచ్చిదే అయితే ఆమెను గద్దె దింపి ఇంకొకరికి పట్టం కట్టొచ్చు కదా? ఎవరూ ఆ పని చేయలేదు. కాస్టీల్‌కి పట్టపు రాణిగానే 50 ఏళ్లు ఉండి పోయింది. ఈ ముడి విడిపోవాలంటే కథని ప్రేమ దగ్గర నుంచి కాకుండా ఆస్తి కాగితాల దగ్గర నుంచి చదవాలి.

అప్పటికి స్పెయిన్ అనే ఒకే రాజ్యం లేదు. కాస్టీల్ ఇసబెల్లా రాణిది, ఆరగాన్ ఆమె భర్త ఫెర్డినాండ్‌ది. 1469లో పెళ్లయింది. కాపురం ఒకటే గానీ ఖాతాలు వేరు. ఇసబెల్లా బతికున్నంత కాలమే ఫెర్డినాండ్ కాస్టీల్‌కి కూడా రాజు. ఆమె పోయిన మరుక్షణం అది పిల్లలకు పోతుంది. కొడుకు లేకపోతే కూతురికి వస్తుందని కాస్టీల్ చట్టం ఒప్పుకుంటుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

1479 నవంబరు 6న తొలేదోలో పుట్టిన హువానా ఈ దంపతులకు మూడో సంతానం. పైన అక్క, అన్న. రాజ్యం ఈమె దాకా వస్తుందని ఎవరూ అనుకోలేదు కాబట్టి బయటి సంబంధానికి తగ్గట్టు పెంచారు: లాటిన్, సంగీతం, నాట్యం, భక్తి. 1496లో, పదహారేళ్ల వయసులో, పెద్ద నౌకాదళంతో లరేదో రేవు నుంచి ఫ్లాండర్స్‌కి, అంటే ఇప్పటి బెల్జియం వైపు, పంపేశారు. వరుడు హాబ్స్‌బర్గ్ వంశపు ఫిలిప్, అందగాడని బిరుదున్నవాడు. అది కుండమార్పిడి పెళ్లి. ఫిలిప్ చెల్లెలు మార్గరెట్‌ని హువానా అన్న హువాన్‌కి ఇచ్చారు. ఫ్రాన్స్‌ని రెండు వైపుల నుంచీ నొక్కడం పెద్దల లెక్క.

ఆ లెక్కలోకి చావు వచ్చి పడింది. 1497 అక్టోబరులో అన్న పోయాడు, అతని బిడ్డ పురిట్లోనే పోయింది. 1498లో పెద్దక్క పురిటి మంచం మీదే పోయింది. ఆమె కన్న పిల్లాడు 1500 జూలైలో, రెండేళ్లు నిండకముందే పోయాడు. మూడేళ్ల లోపు మూడో సంతానమైన హువానా కాస్టీల్‌కీ ఆరగాన్‌కీ వారసురాలైపోయింది.

అత్తింట్లో ఆమె పరిస్థితి అప్పటికే బాగాలేదు. పెళ్లి ఒప్పందంలో రాసుకున్న భరణం చేతికి రాదు. దాసీల దగ్గర నుంచి ఖజానాదారు దాకా ఎవరిని పెట్టాలో ఎవరిని తీసేయాలో భర్త మనుషులదే పెత్తనం. 1498లో తల్లి పంపిన ఒక సన్యాసి వచ్చి చూసి, ఈవిడ చేతిలో దానం చేయడానికైనా చిల్లర లేదని కబురు రాశాడు. ఫిలిప్‌కి ఆడవాళ్ల సావాసాలు ఉండేవి, ఆమెకు కోపం ఉండేది. ఒక సందర్భంలో భర్త ప్రియురాలి మీద పడి జుట్టు కత్తిరించేసిందని చెబుతారు.

1502లో దంపతులు స్పెయిన్ వచ్చారు. హువానాకి వారసురాలిగా ప్రమాణాలు జరిగాయి. ఆ డిసెంబరులో ఫిలిప్ కడుపుతో ఉన్న భార్యను అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. 1503 మార్చిలో కొడుకు పుట్టాక ఆమె తానూ వెళ్తానంది. ఇసబెల్లా పంపనంది. నవంబరులో మెదీనా దెల్ కాంపోలోని లా మోతా కోటలో ఆమె బయలుదేరబోతే తలుపులు మూసేశారు. ఆమె లోపలికి పోనని, గేటు దగ్గరే, చలిలో, ఆరుబయట రాత్రి గడిపింది. జబ్బుతో ఉన్న తల్లి స్వయంగా వచ్చి బతిమాలితే గానీ కదల్లేదు. ఆ రోజు కూతురు అన్న మాటలు కూతురు తల్లితో అనదగ్గవి కావని ఇసబెల్లాయే తర్వాత రాసుకుంది.

ఇవన్నీ కట్టుకథలని కొట్టిపారేయలేం. అలగడం, తిండి మానేయడం, రోజుల తరబడి మాట్లాడకపోవడం ఆమెకు జీవితాంతం ఉన్న అలవాట్లు. కాకపోతే తన జీతగాళ్లను తాను పెట్టుకోలేని, తన ప్రయాణం తాను నిర్ణయించుకోలేని మనిషికి మిగిలిన ఆయుధాలు ఏమిటని కూడా అడగాలి. వారసురాలి ప్రాణం రాజ్యం సొత్తు. ఆమె తిండి మానేస్తే మంత్రులందరికీ టెన్షనే. ఆ సంగతి ఆమెకు తెలుసు.

తల్లికీ భయం పట్టుకుంది. 1504లో ఇసబెల్లా వీలునామాలో ఒక మాట చేర్చింది. కూతురు రాజ్యంలో లేకపోయినా, ఉండి కూడా పాలించడానికి 'ఇష్టపడకపోయినా, చేతకాకపోయినా', మనవడు చార్లెస్‌కి ఇరవై ఏళ్లు వచ్చేదాకా ఫెర్డినాండ్ పాలన చూడాలని. ఆ నవంబరు 26న ఇసబెల్లా పోయింది. అప్పటి నుంచి హువానా జీవితం ఆ ఒక్క వాక్యం చుట్టూనే తిరిగింది. రాణి ఆమే. కానీ ఆమెకు చేతకాదని తేలితే పెత్తనం తండ్రిది, చేతనవునని తేలితే ఆమె పక్కనున్న భర్తది.

ఇక్కడి నుంచి మామా అల్లుళ్ల ఆట చూడండి. భార్య అలకల మీద చిట్టా రాయించి అత్తమామలకు పంపింది ఫిలిప్పే, రాసినవాడు ఖజానాదారు మార్తీన్ దె మోషికా. 1505 జనవరిలో తోరోలో కోర్తెస్, అంటే నగరాల ప్రతినిధుల సభ, కూడినప్పుడు ఫెర్డినాండ్ ఆ చిట్టానే ముందు పెట్టి, కూతురికి చేతకాదు కనుక నేనే చూస్తానని ఒప్పించుకున్నాడు. తన కత్తి తన మెడకే వచ్చిందని ఫిలిప్‌కి అర్థమైంది. ఆ మే నెలలో బ్రస్సెల్స్ నుంచి హువానా పేరుతో ఒక ఉత్తరం వచ్చింది. నాకు మతి లేదంటున్నారట, నాకున్నది అసూయ ఒక్కటే, మా అమ్మకూ అది ఉండేది, ఆమెకు కాలమే నయం చేసింది, నాకూ చేస్తుంది, నా భర్త నుంచి పాలన మాత్రం నేను లాక్కోను, అని దాని సారాంశం. ఆమె మనసులోని మాటా, భర్త రాయించిన మాటా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. నా మట్టుకు రెండూ కలిసే ఉన్నాయనిపిస్తుంది. తల్లి అసూయ గురించిన ఆ వెటకారం గుమాస్తా బుర్రలోంచి వచ్చేది కాదు.

1506 ఏప్రిల్‌లో దంపతులు లా కొరుణాలో దిగారు. కాస్టీల్ ప్రభువుల్లో చాలామంది అల్లుడి వైపు తిరిగారు. జూన్ 27న మామా అల్లుడూ వియాఫాఫిలా దగ్గర ఒప్పందం రాసుకున్నారు. హువానా పాలించనంటోంది, ఒకవేళ పూనుకుంటే రాజ్యం నాశనమే, కాబట్టి ఆమెను ఇద్దరం కలిసి అడ్డుకుందాం అని. అదే రోజు ఫెర్డినాండ్ రహస్యంగా ఇంకో కాగితం రాయించాడు. నాతో బలవంతంగా సంతకం చేయించారు, నా కూతుర్ని బందీగా ఉంచారు, ఈ ఒప్పందం చెల్లదు అని. ఉదయం పిచ్చిదైన కూతురు సాయంత్రానికి బందీ అయిపోయింది!

ఫిలిప్ తర్వాత ఆమెకు చేతకాదని కోర్తెస్ చేత తీర్మానం చేయించబోయాడు. అడ్మిరల్ (నౌకాదళాధిపతి) పదవిలో ఉన్న ఫద్రీకె ఎన్రీకెస్ ఒప్పుకోలేదు. ముందు నేను ఆమెతో మాట్లాడాలన్నాడు. మాట్లాడి వచ్చి, ఆమె ఒక్క పొసగని జవాబు కూడా చెప్పలేదన్నాడు. జూలైలో వయ్యదొలిద్‌లో కూడిన ప్రతినిధులు హువానాకే రాణిగా ప్రమాణం చేశారు, ఫిలిప్‌ని రాణి భర్తగా మాత్రమే రాజన్నారు. ఆ సంబరం రెండు నెలలే. సెప్టెంబరు 25న బుర్గోస్‌లో జ్వరంతో ఫిలిప్ పోయాడు. వయసు 28.

ఇప్పుడు శవపేటిక సంగతి. ఫ్రాన్సిస్కో ప్రదియా 1877లో వేసిన పెద్ద పెయింటింగ్ మాద్రిద్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉంది. గాలికి వంగిన మంట, బురద నేల, మధ్యలో పెట్టె, నల్లబట్టల్లో శూన్యంలోకి చూస్తూ నిలబడ్డ గర్భిణి. హువానా అనగానే జనం కళ్ల ముందు ఆడేది ఆ బొమ్మే. అందులో అబద్ధం తక్కువే. 1506 డిసెంబరు 20న ఎనిమిది నెలల కడుపుతో ఆమె నిజంగానే పెట్టెతో బయలుదేరింది. రాత్రిళ్లు నడిచారు. ఒకచోట బస చేయబోయింది సన్యాసినుల మఠమని తెలిసి, పెట్టెను బయట పొలంలోకి మోయించిందని ఆ ఊరేగింపులో ఉన్న ఇటలీ పండితుడు పియెత్రో మార్తీరే రాశాడు. పెట్టె తెరిపించి చూసిందన్నదీ నిజమే.

బొమ్మలో పట్టనివి కొన్ని ఉన్నాయి. ఫిలిప్ తనను గ్రెనడాలో పూడ్చమన్నాడు. ఇసబెల్లా సమాధి ఉన్నది అక్కడే. ఫ్లాండర్స్ నుంచి వచ్చిన హాబ్స్‌బర్గ్ వాడిని కాస్టీల్ రాజుల పక్కన పడుకోబెడితే, అతని కొడుకు చార్లెస్‌కి ఈ గడ్డ మీద హక్కు గట్టిపడుతుంది. బుర్గోస్ చుట్టూ మహమ్మారి పాకుతోంది, ఊరు వదలడానికి అదీ ఒక కారణం. శవాన్ని ఫ్లాండర్స్ వాళ్లు ఎత్తుకుపోతారన్న అనుమానమూ ఉంది. గుండెను అప్పటికే అటు పంపించేశారు కూడా. ఇంకోటి, ఆమెకు 27 ఏళ్లు, కాన్పులన్నీ సుఖంగా జరిగిన ఆడది, చేతిలో కాస్టీల్ కిరీటం. ఇంగ్లండ్ రాజు ఏడో హెన్రీ సంబంధానికి కబురు పెట్టాడు. మొగుడు ఇంకా మట్టిలో కలవలేదన్నదానికంటే మర్యాదైన తిరస్కారం ఏముంటుంది? ఇది ఆమె వేసిన ఎత్తేనని నేను ఒట్టు పెట్టను. అలా పనికొచ్చింది మాత్రం నిజం.

బయలుదేరడానికి రెండు రోజుల ముందు, డిసెంబరు 18న, ఆమె ఒక ఉత్తర్వు మీద సంతకం చేసింది. ఫిలిప్ తన అనుచరులకు పంచిపెట్టిన ఈనాములన్నీ రద్దు. పరిపాలన కోణంలో చూస్తే ఆ ఏడాది కాస్టీల్‌లో జరిగిన తెలివైన పని అదొక్కటే. మరోవైపు, మిగతా కాగితాల మీద ఆమె సంతకం పెట్టలేదు. సభ పిలవమంటే మా నాన్న రానివ్వండి అంది. నెలల తరబడి ప్రభుత్వం ఆగిపోయింది. ప్రభువులు మళ్లీ కత్తులు తీశారు. పాలించే సత్తా ఉందా అన్న ప్రశ్నకు ఆమె తన మిత్రులకు కూడా సరైన జవాబు ఇవ్వలేదు.

జనవరి 14న తోర్కెమాదాలో కూతురు కతాలీనా పుట్టింది. 1507 ఆగస్టులో ఫెర్డినాండ్ నేపుల్స్ నుంచి తిరిగొచ్చాడు. 1509లో కూతుర్ని తోర్దెసియాస్‌కి తరలించి కావలి పెట్టాడు. పెట్టె పక్కనున్న సాంతా క్లారా మఠానికి చేరింది, గ్రెనడాకి కాదు.

మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. హువానాని గద్దె దింపితే కిరీటం నేరుగా చార్లెస్‌కి, అంటే ఫ్లాండర్స్‌లో హాబ్స్‌బర్గ్ తాతగారి చేతుల్లో పెరుగుతున్న పిల్లాడికి పోతుంది. ఫెర్డినాండ్‌కి కాస్టీల్‌లో పని ఉండదు. ఆమెను పాలించనిచ్చినా ఆయనకు పని ఉండదు. కాబట్టి ఆమె రాణిగా ఉండాలి, చేతకానిదిగా కూడా ఉండాలి. ఏ ఒక్కటి తప్పినా ఆయన అధికారం పోతుంది. అమ్మ పేరున పట్టా, పాస్‌బుక్ ఇంకొకరి జేబులో అన్నట్టు.

1516 జనవరిలో ఫెర్డినాండ్ పోయాడు. పెత్తనం మనవడిది అయింది, ఇరకాటం కూడా వారసత్వంగా వచ్చింది. తల్లి బతికుండగా కొడుకు రాజెలా అవుతాడు? చార్లెస్ బ్రస్సెల్స్‌లో తనను తాను రాజుగా ప్రకటించుకున్నాడు. కాస్టీల్ పెద్దలు గొణిగారు, చివరికి ఇద్దరూ కలిసి రాజులన్న మాట దగ్గర రాజీ కుదిరింది. కాగితాల మీద తల్లి పేరు ముందు, కొడుకు పేరు తర్వాత. 1519లో చక్రవర్తిగా ఎన్నికయ్యాక ఆ బిరుదు అన్నిటికన్నా ముందుకొచ్చింది గానీ, కాస్టీల్ బిరుదుల వరసలో తల్లి పేరే మొదట ఉండేది. 1518 కోర్తెస్ ఇంకో షరతు పెట్టింది: హువానాకి నయమైతే చార్లెస్ పాలన వదులుకోవాలి. అంటే ఆమె ఆరోగ్యం బాగుపడిన రోజున కాస్టీల్‌లో కొడుకు ఉద్యోగం పోతుంది. ఇలాంటి రోగికి వైద్యం ఎంత శ్రద్ధగా జరుగుతుందో ఊహించుకోవచ్చు.

కావలికి పెట్టిన దెనియా మార్క్విస్ అనే ప్రభువు చక్రవర్తికి రాసిన ఉత్తరాలు మిగిలాయి. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. తండ్రి చనిపోయిన సంగతి ఆమెకు చెప్పలేదు. ఆయన బతికే ఉన్నాడని, ఆయన మాట ప్రకారమే ఇక్కడ ఉంచామని ఏళ్ల తరబడి నమ్మించారు. అంతకుముందు కావలి ఉన్న లూయిస్ ఫెర్రేర్, ఆమె అన్నం మానేసినప్పుడు ప్రాణం నిలపడానికి ఫెర్డినాండ్ ఆజ్ఞ మేరకు ఆమెకు 'తాడు' ఇవ్వాల్సి వచ్చిందని రాశాడు. ఆ స్పానిష్ మాటకు హింస అనే అర్థమా, పట్టు సడలించడమనా అన్నది తెగని వివాదం.

కతాలీనా తల్లి గది వెనక, తల్లి గదిలోంచే దారి ఉన్న గదిలో పెరిగింది. బయట పిల్లలు ఆడుకుంటుంటే చూడటానికి గోడకి ఒక కిటికీ కొట్టించారు. 1517 నవంబరులో చార్లెస్, అతని అక్క ఎలియనోర్ వచ్చినప్పుడు ఆ పదేళ్ల పిల్ల బట్టలు చూసి జాలిపడ్డారు. కొడుకు తల్లిని చూడక అప్పటికి దాదాపు పన్నెండేళ్లు. కొన్నాళ్లకు, 1518లో, గోడకి కన్నం పెట్టించి తల్లికి తెలియకుండా పిల్లను ఎత్తుకెళ్లిపోయారు. హువానా తిండీ నీళ్లూ ముట్టలేదు. రెండు మూడు రోజుల్లో పిల్లను తెచ్చి ఇచ్చేశారు. ఆమె పాత ఆయుధం పనిచేసింది, ఆ ఒక్కసారికి.

1520లో గది తలుపు నిజంగా తెరుచుకుంది. పన్నులతో, ఫ్లాండర్స్ అధికారుల పెత్తనంతో విసిగిన కాస్టీల్ నగరాలు చార్లెస్ మీద తిరగబడ్డాయి. ఆగస్టు చివర్లో హువాన్ దె పదియా నాయకత్వంలో కొమునేరోలు, అంటే ఆ తిరుగుబాటుదార్లు, తోర్దెసియాస్‌లోకి వచ్చారు. తండ్రి పోయి నాలుగేళ్లయిందని ఆమెకు చెప్పారు. దెనియాను వెళ్లగొట్టారు. సెప్టెంబరులో తిరుగుబాటు సభ ప్రతినిధులు ఎదురుగా కూర్చుంటే ఆమె తండ్రి గురించి, తనకు దాచిన నిజాల గురించి, చుట్టూ చేరిన చెడ్డవాళ్ల గురించి చక్కగా మాట్లాడింది. వాళ్లకు కావలసింది ఒక్క సంతకం. అది పడితే చార్లెస్‌కి కాస్టీల్ దక్కదని అతని ప్రతినిధి, తర్వాత పోప్ అయిన ఏడ్రియన్ కూడా భయపడ్డాడు. వాళ్లు బతిమాలారు, బెదిరించారు. ఆమె సంతకం పెట్టలేదు.

ఈ ఘట్టమే నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. ఏ పని మీదా మనసు నిలవని జబ్బు అని కొందరంటారు. కొడుకు హక్కుకి అడ్డు రాకూడదన్న నిర్ణయమని ఇంకొందరు. నాకు రెండో వైపే మొగ్గు. 1506 నుంచీ ఆమె చేసిన పనుల్లో అతుకు కుదిరేది ఆ దారం ఒక్కటే. మొగుడి శవాన్ని గ్రెనడాకి చేర్చాలన్నా, మళ్లీ పెళ్లి వద్దన్నా, ఈ సంతకం పెట్టనన్నా లాభపడింది చార్లెసే. డిసెంబరు 5న రాజు సేన ఊరు పట్టుకుంది. 1521 ఏప్రిల్ 23న వియాలార్ దగ్గర తిరుగుబాటు ముగిసింది. సింహాసనం కాపాడిన తల్లికి కొడుకు పంపిన బహుమానం దెనియానే, మళ్లీ. ఆ ఏడాదే పద్నాలుగేళ్ల కతాలీనా అన్నకి ఉత్తరం రాసింది. దెనియా కుటుంబం అమ్మను గది దాటనివ్వడం లేదని, తనను కూడా పీడిస్తున్నారని. మార్పేమీ రాలేదు. 1525లో కతాలీనాను పోర్చుగల్ రాజుకిచ్చి పెళ్లి చేసి పంపేశారు. అదే ఏడాది ఫిలిప్ పెట్టె గ్రెనడాకి వెళ్లింది.

తర్వాతి ముప్పై ఏళ్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మంచం దిగననడం, పూజకు రాననడం, దాసీల మీద అరవడం. ఆమె మతం తప్పిందేమోనని చక్రవర్తి కుటుంబానికి బెంగ. 1868లో బెర్గెన్‌రోత్ అనే పరిశోధకుడు స్పెయిన్‌లోని సిమాంకాస్ కోటలో భద్రపరిచిన ప్రభుత్వ దస్తావేజులు అచ్చువేసి, ఆమెకు పిచ్చి లేదు, చర్చిని ధిక్కరించినందుకే బంధించారని వాదించాడు. ఆ వాదన నిలవలేదు గానీ దస్తావేజులు నిలిచాయి. తర్వాత వైద్యులు స్కిజోఫ్రీనియా అన్నారు, డిప్రెషన్ అన్నారు. ఆమె అమ్మమ్మ కూడా అరేవాలోలో మతి చలించి ఏళ్ల తరబడి ఏకాంతంలో బతికిందన్న సంగతిని సాక్ష్యంగా చూపిస్తారు. అది గట్టి సాక్ష్యమే. అయితే ఒక మనిషిని 46 ఏళ్లు బంధించి, చుట్టూ అబద్ధాలు పేర్చి, ఆ తర్వాతి ప్రవర్తన చూపించి మొదటి నుంచీ ఇంతే అనడం ఏ డాక్టరూ ఒప్పుకోని పద్ధతి. బుర్గోస్‌కి ముందు హువానా, తోర్దెసియాస్ తర్వాత హువానా అని విడదీసి చూస్తే, మొదటి హువానాలో కనిపించేది కోపం, మొండితనం, దిగులు.

ఆమె కన్న ఆరుగురూ బతికి బట్టకట్టడం ఆ కాలానికి అరుదు. ఇద్దరు కొడుకులు చక్రవర్తులు, నలుగురు కూతుళ్లు రాణులు అయ్యారు: ఎలియనోర్ పోర్చుగల్‌కీ ఆ తర్వాత ఫ్రాన్స్‌కీ, ఇసబెల్లా డెన్మార్క్‌కి, మేరీ హంగరీకి, కతాలీనా పోర్చుగల్‌కి.

1555 ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే నాడు, 75 ఏళ్ల వయసులో హువానా పోయింది. ఆ అక్టోబరులో చార్లెస్ బ్రస్సెల్స్‌లో పదవులు వదులుకోవడం మొదలుపెట్టాడు, మరుసటి జనవరిలో కాస్టీల్ వదిలాడు. తల్లి పేరు పక్కన లేకుండా అతను కాస్టీల్‌కి రాజుగా ఉన్నది తొమ్మిది నెలలే. మెక్సికో టంకశాల మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఇద్దరి పేర్లతోనే నాణేలు వేస్తూ పోయింది. గ్రెనడాలో ఫిలిప్ పక్కన ఆమె పడుకున్నట్టుండే పాలరాతి బొమ్మ చెక్కే పనిని చార్లెస్ 1519లోనే, ఆమె తోర్దెసియాస్‌లో బతికుండగానే, శిల్పి బర్తొలొమె ఒర్దోన్యెస్‌కి అప్పగించి ఉన్నాడు. ఆమె అస్థికలు గ్రెనడా చేరింది 1574లో.